రెండు రంగుల కుర్చీలు

మా దుకాణంలో కుర్చీలు ఏ రంగువో నేను చెప్పను. చెప్పానంటే ఇది చదువుతున్న మీరు కూడా ఠక్కున ఒక పక్కకు జరిగిపోతారు. ఇటు జరుగుతారో అటు జరుగుతారో తెలియదు గానీ, జరగడం మాత్రం ఖాయం. ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకూ చావులకూ సామాను పంపుతున్నదాన్ని. మనిషి కుర్చీ వైపు చూసే చూపును బట్టే వాళ్ళది ఏ పార్టీయో చెప్పేస్తాను.

బేస్తవారిపేటలో మాది షామియానా దుకాణం. షామియానాలు, కుర్చీలు, బల్లలు, అన్నం వండే గుండిగలు, మైకుసెట్టు, అన్నీ ఉంటాయి. నాయన పెట్టిన దుకాణం అది. అంతకుముందు మా వాళ్ళందరిదీ కిరాణా, లేదంటే బట్టల వ్యాపారం. "పందిళ్ళు వేసే పని మనకేందిరా" అని పెద్దవాళ్ళు నవ్వారట. నాయన వాళ్ళను నవ్వుకోనిచ్చాడు. ఆయన పోయాక, అన్నదమ్ములు లేని నేను తాళాలు తీసుకున్నాను. మా ఆయన తన మందుల షాపు చూసుకుంటాడు, నా దుకాణంలో వేలు పెట్టడు. "ఆడమనిషి గుంజలు మోయిస్తుందంట" అని బజారంతా చెవులు కొరుక్కుంది. మోయించాను. అవసరమైనప్పుడు మోశాను కూడా. గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా మా షామియానా నీడ పడని ఊరు తక్కువ. ఇది గొప్ప చెప్పుకోవడమే. ఉన్న గొప్ప చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

నాయన నాకు రెండే కట్టుబాట్లు చెప్పి పోయాడు. ఒకటి, విరిగిన కుర్చీ ఎవరింటికీ పంపకూడదు. అది ఎమ్మెల్యే ఇల్లయినా, కూలివాళ్ళ ఇల్లయినా సరే. రెండు, చావు కబురు వస్తే సామాను ముందు పోవాలి, మాటలు తర్వాత. శవం ఎండలో ఉండగా బేరమాడేవాడు మనిషి కాదు అనేవాడు. ఈ రెండూ నేను తప్పలేదు. మూడోది ఒకటుందని ఆయనకూ తోచి ఉండదు. అప్పట్లో దాని అవసరం రాలేదు.

చివరి రోజుల్లో ఆయన రెండు వందల ప్లాస్టిక్ కుర్చీలు కొన్నాడు, అన్నీ ఒకే రంగువి. అప్పుడు మా వైపు జెండాకు రంగుండేది గానీ కుర్చీకి ఉండేది కాదు. ఎవరి పెళ్ళికి పంపినా కూర్చునేవాళ్ళు, తినేవాళ్ళు, లేచిపోయేవాళ్ళు. తర్వాత్తర్వాత ఏమైందో, ఎన్నికలకూ ఎన్నికలకూ మధ్య కూడా జనం ఎన్నికల్లోనే బతకడం మొదలుపెట్టారు. గోడలకు, ట్యాంకులకు, చివరికి గుడి గేటుకు కూడా పార్టీ అంటుకుంది. మా కుర్చీలకు అంటుకోవడానికి ఎంతసేపు?

మొదటిసారి నాకది అర్థమైంది కంభం దగ్గర ఒక ఊళ్ళో. ఓణీల ఫంక్షన్. పిల్ల మేనమామ అవతలి పార్టీ మనిషి. మోకాళ్ళ నొప్పులతో కుంటుకుంటూ వచ్చి, మా కుర్చీలు చూసి, నిలబడిపోయాడు. అందరూ "కూర్చో మామా, కూర్చో బావా" అంటున్నారు. "నాకేం, బాగానే ఉన్నా" అంటాడు. చేతిలో విస్తరి పట్టుకుని గంటసేపు నిలబడి, ఇక తాళలేక వంటల దగ్గరికి పోయి, బోర్లించిన గుండిగ మీద కూర్చున్నాడు. అది సత్తు గుండిగ. దానికి పార్టీ లేదు.

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఎక్కువ రోజులు మిగల్లేదు. "అక్కా, ఆ కుర్చీలొద్దు, వేరేవి లేవా?" అని ఒకరడిగారు. తర్వాత ఇంకొకరు. సామాను అడిగినవాళ్ళు గిద్దలూరులో వేరే దుకాణానికి పోవడం మొదలైంది. అప్పుడు నేను చేసిన పని చెప్తాను. దాన్ని తెలివి అనుకుని చేశాను. అవతలి రంగులో ఇంకో రెండు వందల కుర్చీలు తెప్పించాను. ఒకదాంట్లో ఒకటి దూరేలా అదే అచ్చువి ఏరి మరీ తెప్పించాను. దుకాణంలో ఎడమ పక్కన ఒక రంగు, కుడి పక్కన ఒక రంగు దొంతరలు పేర్చి, మధ్యలో దారి వదిలాను. ఏ ఊళ్ళో ఏ ఇల్లు ఎటో అంతా కంఠతా పట్టాను. ఫోను వస్తే, ఊరు పేరు చెప్పి ఇంటిపేరు చెప్పేలోపే నా చెయ్యి ఆ పక్కకు చూపించేది. "అక్కకు చెప్పక్కర్లేదు, అన్నీ తెలుసు" అని మెచ్చుకునేవాళ్ళు. వ్యాపారం మళ్ళీ పుంజుకుంది. నాకు బాగా గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, నాయన దుకాణంలో పార్టీ ఆఫీసు పెట్టాను, అదీ ఒకటి కాదు, రెండు.

ఆ పని నచ్చని మనిషి ఒక్కడే ఉన్నాడు. నాయన దగ్గర వయసులో చేరి, నా దగ్గర ముసలివాడైన మా దుకాణం మనిషి. షామియానా కట్టడంలో ఆయన్ను మించినవాడు మా జిల్లాలో లేడు. జిల్లాను ముక్కలు చేసి కొత్తగా గీశారు కదా, పాత జిల్లా మొత్తంలోనూ లేడని నా మాట. నాలుగు మైళ్ళ దూరంలో ఒక పల్లెలో, చర్చి వీధిలో ఉంటాడు. ఆదివారం ప్రార్థన అయ్యాకే గుంజ ముట్టుకుంటాడు, కలెక్టరు మీటింగైనా అంతే. నేను ఆయన్ను మామా అంటాను. నాకు యాభై ఏడేళ్ళొచ్చినా ఆయనకు నేను పాపనే.

"కుర్చీలక్కూడా ఓటిచ్చినారా పాపా?" అన్నాడు, కొత్త దొంతరలు చూసి.

"నాకెందుకు మామా, వాళ్ళడిగేది వాళ్ళకిస్తున్నా."

"అట్లనే కానీ" అని ఊరుకున్నాడు. ఆయన ఊరుకోవడం నాయన తిట్టడం లాంటిది. అయినా నేను వినలేదు.

పోయిన ఎన్నికల్లో మామ కొడుకు ఒక పార్టీకి ఏజెంటుగా బూత్‌లో కూర్చున్నాడు. ఆ పార్టీ ఓడిపోయింది. కథ అంతా అక్కడ మొదలైంది. గెలిచినవాళ్ళలో ఆ పల్లెకు పెద్దగా చెలామణి అయ్యే మనిషి ఒకడున్నాడు. నాకంటే చిన్నవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. చర్చి వీధితో ఎవరూ ఇచ్చిపుచ్చుకోవద్దని ఆయన నోటిమాటగా చెప్పాడు. కాగితం లేదు, దండోరా లేదు. అయినా మర్నాటికి టీ కొట్టులో ఆ వీధివాళ్ళకు గ్లాసు లేదు. అంతకన్నా నన్ను బాధపెట్టింది ఆటోల సంగతి. మిరప కోతకు పోయే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ఒకే ఆటోలో ఇరుక్కుని, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని పోయేవాళ్ళు. ఇప్పుడు రెండు ఆటోలు. పోయేది అదే చేనుకు. కోసేది అదే మిరప.

ఆ రోజుల్లోనే పేపర్లో చదివాను, అమెరికాలో కూడా ఇంటి ముందు గడ్డిలో పార్టీ బోర్డులు గుచ్చుకుంటారట. ఆ బోర్డు చూసి పక్కింటివాళ్ళు పలకరించుకోవడం మానేస్తారట. పండక్కి బంధువులు ఒకచోట చేరితే రాజకీయం ఎత్తి, సగం భోజనంలో లేచిపోతారట. అంత చదువు, అంత డబ్బు ఉన్న దేశానికి కూడా మా బజారు జబ్బే. ఒక్క విషయంలో మాత్రం మేమే ముందున్నాం. వాళ్ళు బోర్డు గుచ్చుకుంటే గానీ ఎవరెటో తెలియదు. మాకు కుర్చీ చాలు.

మామ మనవరాలికి పెళ్ళి కుదిరింది. నర్సు చదివి, మార్కాపురంలో ఉద్యోగం చేస్తున్న పిల్ల. గురువారం పెళ్ళి. ఆ వీధిలో జీతం తెచ్చిన మొదటి ఆడపిల్ల అని మామ నలుగురికీ చెప్పుకునేవాడు. నాకూ పదిసార్లు చెప్పాడు. కానీ పెళ్ళి దగ్గరపడుతున్నా సామాను సంగతి మాత్రం ఎత్తడు.

ఆయన ఎత్తకముందే తమ్ముడు దుకాణానికి వచ్చాడు. కొత్త ఇల్లు కట్టాడు, అదే గురువారం గృహప్రవేశం. "రెండు వందల కుర్చీలు కావాలక్కా. మన రంగువి" అన్నాడు. ఆ "మన" వినగానే నాకు ఒళ్ళు మండింది. నేనెప్పుడు చేరానో నాకే తెలియదు. అయినా తలూపాను. లేచి పోతూ, చెప్పులేసుకుంటూ అసలు మాట చెప్పాడు.

"చర్చి వీధిలో పెండ్లుందంట. ఆడికి మటుకు ఒక్క కుర్చీ కూడా పోకూడదు. నువ్వు మాట వింటే మండల మీటింగులన్నీ నీ దుకాణానికే వస్తాయి. లేదంటే నీ ఇష్టం."

భయపడ్డాను. ఆ మాట రాయడానికి కష్టంగా ఉంది గానీ, గొప్పలు చెప్పుకున్నదాన్ని భయం కూడా చెప్పాలి కదా. మీటింగులు పోతే దుకాణం సగం పోయినట్టే. ఆ సాయంత్రం మామ తాళ్ళు చుడుతుంటే పక్కన కూర్చున్నాను.

"పెండ్లికి ఏమేం కావాలో చెప్పవేంది మామా?"

"వద్దులే పాపా. చర్చి పక్కన వేపచెట్టు నీడుంది. చాపలేసుకుంటాం."

"మే నెల ఎండలో చాపలా?"

ఆయన తాడు చుట్టడం ఆపలేదు. "ఆయప్ప వచ్చి పోయిన సంగతి నాకు తెలుసు. నీకెందుకు ఇబ్బంది. ఇంకోటి గూడా ఉంది. మా దిక్కుకు నువ్వు పంపేది ఆ పక్క రంగే గదా. నా కొడుకు యాడన్నా కూచోనీ, అది వాని ఇష్టం. నా మనవరాలి పెండ్లికి పార్టీ గుర్తెందుకు పాపా?"

నలభై ఏళ్ళు జిల్లా అంతటికీ నీడ కట్టిన మనిషి తన ఇంటి పెళ్ళికి చాపలు పరుస్తానంటున్నాడు. ఆయనకు అడ్డం వచ్చింది తమ్ముడు ఒక్కడే కాదు, నా తెలివి కూడా. నా కుడి పక్క దొంతర. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది, అదీ నా మీదే. ఆ కోపమే నన్ను నిలబెట్టింది.

బుధవారం పొద్దున్నే దుకాణం తీసి దొంతరలన్నీ కూలదోశాను. అటుదొకటి, ఇటుదొకటి, అటుదొకటి, ఇటుదొకటి. నాలుగు వందల కుర్చీలూ కలిపేశాను. అచ్చు ఒకటే కాబట్టి ఒకదాంట్లో ఒకటి చక్కగా కూర్చున్నాయి. మామ వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. చొక్కా చేతులు మడిచి సాయం పట్టాడు. విరిగినవి ఏరి పక్కన పెట్టాం. మంచివి రెండు బళ్ళకు సరిపోయాయి.

దొంగతనంగా పంపడం నా ఒంటికి పడదు. తమ్ముడికి ఫోను చేశాను. "నీ గృహప్రవేశానికి సామాను బయల్దేరింది. రెండు రంగులూ కలిసొస్తాయి. చర్చి వీధికీ అట్లనే పోతున్నాయి. మా దుకాణంలో ఇకమీదట కుర్చీలు ఇట్లనే ఉంటాయి" అన్నాను. తమ్ముడు ఫోను పెట్టేశాడు.

పెళ్ళికి నేనూ పోయాను. నాయన దాచిన తెల్ల షామియానా ఒకటుంది, అంచుకు చేతికుట్టు ఉన్నది. ఎవరికీ ఇవ్వను దాన్ని. అది కట్టించాను. ఊళ్ళోవాళ్ళు సగం మంది రాలేదు, అది దాచను. వచ్చినవాళ్ళు మాత్రం రోడ్డు దగ్గరే ఆగి కుర్చీల వైపు చూశారు. అలవాటు కదా. చూసి తేల్చుకోవడానికి ఏమీ దొరక్క, ఎండకు తాళలేక, లోపలికి వచ్చి కూర్చున్నారు. మిరప కోత ఆడవాళ్ళలో అవతలి ఆటోవాళ్ళు ఐదారుగురు వెనక వరుసలో చేరారు. పలావు తినేటప్పటికి ముందు వరుసకు వచ్చారు.

మామ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. గాలి వీచినప్పుడల్లా లేచి తాడు బిగించబోతాడు. పాస్టరు గారు ప్రార్థన చెప్తున్నా ఆయన కళ్ళు గుంజల మీదే. "కూచో మామా, ఈ పెండ్లి నీది" అని గట్టిగానే అన్నాను. నలుగురూ నా వైపు తిరిగారు. తిరగనీ. ఆ రోజు తాళ్ళు నేనే బిగించాను. ఆయన నేర్పిన ముడే. పిల్ల తలమీద ముసుగుతో ఆ తెల్లటి నీడలో నడిచి వస్తుంటే, నాయన ఉంటే బాగుండునని ఒక్కసారి గట్టిగా అనిపించింది.

సాయంత్రానికి తిరిగి వచ్చేసరికి దుకాణం ముందు కుర్చీలు గుట్టగా పడి ఉన్నాయి. గృహప్రవేశం నుంచి తిప్పి పంపిన కుర్చీలు. వాళ్ళ రంగువి ఉంచుకుని, అవతలివి తిప్పి పంపారు. అక్కడ చుట్టాలు సగం మంది నిలబడే తిన్నారని బండి డ్రైవరు చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. తమ్ముడి తల్లి, ఎనభై దాటిన మనిషి, అవతలి రంగు కుర్చీలో కూర్చుని ఉందట. దాన్ని తీయడానికి మనుషులు వస్తే, "నా మోకాళ్ళకు పార్టీ లేదు, పోండ్రా" అందట. లేపడానికి ఎవరి వల్లా కాలేదట. నేను లెక్కపెట్టాను. నూరు రావాల్సినవి, తొంభై తొమ్మిదే వచ్చాయి. అంత సంతోషంగా నేనెప్పుడూ కుర్చీ పోగొట్టుకోలేదు.

తమ్ముడు అన్నంత పనీ చేశాడు. మండల మీటింగులన్నీ గిద్దలూరు దుకాణానికి పోయాయి. తమ్ముడి వైపువాళ్ళు నేను అటు చేరానన్నారు. అటువాళ్ళు మాత్రం తమవైపు వచ్చాననుకుని దండ తెచ్చారు, వద్దని పంపేశాను. దాంతో వాళ్ళకూ కోపమే. బజార్లో పలకరింపులు తగ్గాయి. మా ఆయన ఒక్కరోజు "ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. "నీ మందులు పార్టీ చూసి అమ్ముతావా?" అన్నాను. ఆ ఏడు చాలా రోజులు దుకాణంలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. కష్టమనిపించింది. తప్పనిపించలేదు.

తర్వాతి చలికాలంలో ఒక పొద్దున, రోడ్డు అవతల టీ బంకు దగ్గర తమ్ముడి బావమరిది నిలబడి ఉన్నాడు. టీ తాగడు, ఇవతలికి రాడు. మామే ముందు కనిపెట్టాడు.

"వాళ్ళ అమ్మ పోయినట్టుంది పాపా."

నేను చెప్పులేసుకుని రోడ్డు దాటేలోపు మామ బండిలో గుంజలు ఎక్కించేస్తున్నాడు. టీ కొట్టులో తన మనుషుల గ్లాసు తీయించినవాడి ఇంటికి, తన మనవరాలి పెళ్ళికి నీడ వద్దన్నవాడి ఇంటికి. నన్ను అడగలేదు. సామాను ముందు, మాటలు తర్వాత. నాయన కట్టుబాటు నాకంటే బాగా మామకే వంటబట్టింది. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం మా దుకాణం బోర్డు చూసినప్పుడు కూడా ఎప్పుడూ కలగలేదు.

బావమరిది నా ముఖం చూడలేకపోయాడు. "పంపుతారో లేదో అని..." అన్నాడు.

"బండి బయల్దేరింది, నువ్వు కూడా ఎక్కు నాయనా" అన్నాను.

చూడడానికి నేనూ పోయాను. మామ ఎండ శవం మీద పడకుండా తూర్పు పక్క షామియానాను కిందికి దించి కట్టాడు. కుర్చీలు రెండు రంగులూ కలిపి వేశాడు. పార్టీలో పెద్ద పెద్దవాళ్ళు వచ్చారు. ఒక్కరూ కిందికి చూడలేదు, వచ్చి కూర్చున్నారు. వసారాలో గోడవారగా ఒక కుర్చీ ఉంది, మీద పాత దుప్పటి మడత వేసి ఉంది. నా నూరో కుర్చీ. తమ్ముడు నేను దానివైపు చూడడం చూశాడు.

"అది మీదే అక్కా. అమ్మ ఇయ్యనీలేదు."

"ఉండనీ తమ్ముడూ" అన్నాను. ఆయన క్షమించమని అడగలేదు. మీటింగులు ఇప్పటికీ గిద్దలూరు దుకాణానికే పోతున్నాయి. ఆటో మాత్రం ఈ మధ్య మళ్ళీ ఒకటే అయిందని విన్నాను. పార్టీల వల్ల కాదు, రెండో ఆటో రిపేరుకు వచ్చి.

మూడో రోజు కర్మ అయ్యాక కుర్చీలు తిరిగొచ్చాయి. చావింటి సామాను కాబట్టి గుమ్మం బయటే పసుపునీళ్ళు చల్లాను. వాళ్ళ మనుషులు రంగులు చూడకుండా కలిపే దొంతరలు పేర్చి తెచ్చారు. నేను లోపలికి పోయి వచ్చేసరికి, మామ ఒక్కో కుర్చీ తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, కొన్నిటిని పక్కన పెడుతున్నాడు.

"మళ్ళీ వేరు చేస్తున్నావేంది మామా?"

"విరిగినవి ఏరుతున్నా పాపా" అన్నాడు, తలెత్తకుండా. "రెండిట్లోనూ ఉన్నాయి."